లోపలి తారీఖులు

ఆ ఇంట్లో ఎప్పుడు చూసినా నలభై హెల్మెట్లకు తక్కువ ఉండవు. ముందుగది గోడకు మూడు వరుసల మేకులు, మేకుకొకటి చొప్పున హెల్మెట్లు, అన్నీ గోడవైపు మొహం పెట్టి ఉంటాయి. అలా తిప్పి పెట్టింది మెత్తలక్కే. కాపురానికొచ్చిన కొత్తలో అవి గదిలోకి చూస్తూ వేలాడుతుంటే ఆమెకు అన్నం సహించేది కాదు. ఇప్పుడు భయం పోయింది గానీ అలవాటు పోలేదు. చినిగిన లైనింగ్ పీకేసి, కొత్త మెత్తలు పెట్టి, గుడ్డ కుట్టి ఇవ్వడం ఆమె పని. వీధి వీధంతా ఆమె అసలు పేరు మరిచిపోయి మెత్తలక్క అనే పిలుస్తారు.

ఇన్ని హెల్మెట్లున్న ఇంట్లో, హెల్మెట్ కావలసిన తల ఒకే ఒక్కటి. దాని మీద మాత్రం అది నిలవదు. ఆమె మొగుడు పార్సిళ్ళు పంచే కంపెనీలో పని చేస్తాడు. పొద్దుటినుంచి పొద్దుగూకే దాకా బండి దిగడు. హెల్మెట్ పెట్టుకుని ఫొటో తీసి పంపితే తప్ప ఆ రోజు పని మొదలవదని ఈ మధ్య కంపెనీ రూలు పెట్టింది. రూలు పెట్టినవాళ్ళకంటే ఈయన రెండాకులు ఎక్కువే చదివాడు.

సోమవారం పొద్దున కూడా అదే తంతు. గడపలో నిలబడి, చేతికందిన హెల్మెట్ ఒకటి మేకు మీంచి తీసి నెత్తిన పెట్టుకుని, ఫోను ఎదురుగా పట్టుకుని పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. ఫోను కూత కూసింది. మరుక్షణం హెల్మెట్ తిరిగి మేకెక్కింది.

"రోజుకో రంగు హెల్మెట్ పెడతారు, ఆ ఫొటోలు చూసేవాళ్ళకి అనుమానం రాదా?" అంది మెత్తలక్క, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"చూసేది మనిషి కాదే, మిషను. నెత్తి మీద గుండ్రంగా ఏదో ఒకటుంటే చాలు దానికి. బిందె బోర్లించుకున్నా ఒప్పేసుకుంటుంది."

"అది ఒప్పుకుంటుంది సరే. కింద పడ్డప్పుడు రోడ్డు ఒప్పుకోవద్దూ?"

"తల ఉడికిపోతుందే. మెడ పట్టేస్తుంది. ఇన్నేళ్ళు నడిపాను, ఒక్క గీత పడిందా? నువ్వు కూచుని కుట్టేదానివి, నీకేం తెలుస్తుంది?"

ఈ మాట ఆమె వందసార్లు విని ఉంటుంది. నోరు నొప్పి పుట్టేలా చెప్పింది, అలిగింది, ఒకసారి రెండు రోజులు మాట్లాడడం మానేసింది. ఆయన పెడచెవిన పెట్టాడు. బండి వీధి మలుపు తిరిగేదాకా ఆయన వట్టి తల వైపే చూడడం ఆమెకు పొద్దుటి పనుల్లో ఒకటైపోయింది. ఆ తల ఎంత చిన్నదో మలుపు దగ్గర తెలుస్తుంది.

ఆయన వెళ్ళిన కాసేపటికి చిన్నమామయ్య పంపిన గోనెసంచి వచ్చింది. చిన్నమామయ్య అంటే భర్తకు సొంత బాబాయి. పాత హెల్మెట్లు కొనుక్కొచ్చి, గీతలు పూడ్చి, రంగులేసి, పెద్దరోడ్డు పక్కన బల్ల వేసుకుని అమ్ముతాడు. పైపని ఆయనది, లోపలిపని ఈమెది. ఈసారి పదహారు వచ్చాయి.

సంచి విప్పగానే అత్తగారు చాప మీదికి జరిగింది. చూపు పోయినా ఖాళీగా కూర్చోవడం ఆవిడకు చేతకాదు. పాత లైనింగులు పీకడం ఆవిడ వంతు. ఒక్కోదాన్ని ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు లోపలికి దూర్చి, అంచు దొరకబుచ్చుకుని సర్రున లాగేస్తుంది. లాగుతూ వాటితో మాట్లాడుతుంది కూడా. "రా నాయనా, కూర్చో. చెమట బాగా పోస్తుందే నీకు," అంటుంది. "ఈయనది పెద్ద తల అమ్మాయ్, ఆఫీసరై ఉంటాడు," అంటుంది. కోడలు నవ్వుకుంటుంది. పెద్దావిడకు పొద్దుపోవాలి కదా.

ఏడోదో ఎనిమిదోదో ఒళ్ళోకి తీసుకున్నాక ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"అమ్మాయ్, ఈయన మనింటికి ఇదివరకు వచ్చాడే."

"ఎవరత్తా?"

"ఈయన." హెల్మెట్లో చెయ్యి పెట్టి నెమ్మదిగా నిమురుతోంది. "జ్వరం తగిలినట్టుంది, వెచ్చగా ఉన్నాడు."

"సంచి ఎండలో ఉందత్తా, అందుకని. ఇటివ్వండి."

నీలం రంగు హెల్మెట్ అది. చిన్నమామయ్య వేసిన రంగు అద్దంలా మెరుస్తోంది, పైన ఒక్క గీత లేదు. మెత్తలక్క బ్లేడుతో లైనింగు కుట్టు కోసి, గుడ్డ వెనక్కి తిప్పింది. లోపల తెల్లటి థర్మకోల్ బయటపడింది. మెడ దగ్గర, పెన్సిలుతో రాసిన నెల, సంవత్సరం. ఆమె చేతిరాతే. తొమ్మిది అంకె తోక ఎడమకు తిప్పడం ఆమెకే అలవాటు. చేసిన పని అడుగున తారీఖు వేసుకోవాలని దర్జీపని చేసిన నాన్న నేర్పాడు. పని ఎన్నాళ్ళు ఆగిందో తనకే తెలియాలి, ఇంకెవరికీ అక్కర్లేదు అనేవాడాయన.

ఆ తారీఖు కింద ఇంకో తారీఖు ఉంది. అదీ ఆమెదే.

అప్పుడు గుర్తొచ్చింది. రెండో తారీఖు రాసిన రోజు, మొదటిది చూసి ఆమె మురిసిపోయింది. "చూశారా, నా మెత్తలు పద్నాలుగు నెలలు ఆగాయి," అని మొగుడికి చూపించింది కూడా. అది ఎవరి తలకు పద్నాలుగు నెలలు ఆగిందన్న ఆలోచన ఆ రోజు రానేలేదు. బ్లేడు మొనతో అంచు దగ్గర రంగు గీకింది. నీలం కింద ఎరుపు, ఎరుపు కింద నలుపు. నల్లగా ఒకసారి, ఎర్రగా ఒకసారి ఈ చేతుల్లోకి వచ్చింది. ఇప్పుడు నీలంగా వచ్చింది.

థర్మకోల్ మీద ఎడమ చెవి పైన ఒక గుంట ఉంది. దాన్ని స్పాంజి ముక్కలతో, గమ్ముతో పూడ్చి కాగితం అంటించి ఉంది. నడినెత్తిన ఇంకో గుంట, అదీ అలాగే పూడ్చి ఉంది. గుంటలుంటే తలకు ఒత్తుకుంటుందని పూడ్చడం ఆమె పద్ధతి. కణత దగ్గర మూడో గుంట ఖాళీగా ఉంది. ఇంకా ఎవరూ పూడ్చలేదు. అందులో వేలు పెట్టబోయి ఎందుకో తీసేసింది. హెల్మెట్‌ని బల్ల చివర పెట్టి, వేరేది అందుకుంది.

మంగళవారం ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చాడు. చౌరస్తాలో నిలబడే మనిషి, ఆరు నెలలకోసారి తన హెల్మెట్ మెత్తలు మార్పించుకుంటాడు. స్టూలు మీద కూర్చుని, పని అయ్యేదాకా ఊరి కబుర్లన్నీ చెప్పడం ఆయన అలవాటు. ఆ రోజు మాటల మధ్యలో బల్ల చివరనున్న నీలం హెల్మెట్‌ని ఊరికే చేతిలోకి తీసుకున్నాడు. లోపలికి చూశాక కబుర్లు ఆగాయి. బొటనవేలు పెట్టి నొక్కాడు. స్పాంజి లోపలికి దిగింది.

"ఇదెవరిదక్కా?"

"అమ్మకానికి. మా చిన్నమామయ్య పంపాడు."

"అమ్మకానికా?" ఆయన ఇంకోచోట నొక్కాడు. అక్కడా దిగింది. "ఈ తెల్లది ఉందే, మనిషి తలకి బదులుగా నలిగేది ఇదే. పై డిప్పదేముంది. ఇది ఒక్కసారే నలుగుతుందక్కా. నలిగాక దీని పని అయిపోయినట్టే, పారెయ్యాలి. ఇదేమో మూడు చోట్ల నలిగింది. ముగ్గుర్ని చూసిందిది."

"పడినా బతికారేమో," అంది మెత్తలక్క. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"బతికితే ఎవరి హెల్మెట్ వాళ్ళు ఇంటికి తీసుకుపోతారుగా. అమ్మకానికి ఎలా వస్తుంది?" అని, అన్న తర్వాత ఆయనకే ఇబ్బంది అనిపించినట్టుంది, హెల్మెట్ కింద పెట్టేశాడు. "ఈ గుంటల్లో స్పాంజి ఎవరు పెట్టారు?"

ఆమె తల వంచుకుని కుడుతోంది. ఆయన తన హెల్మెట్ తీసుకుని, లోపల ఒకటికి రెండుసార్లు నొక్కి చూసుకుని వెళ్ళిపోయాడు. అలా నొక్కి చూసుకోవడం ఆయన ఎన్నడూ చేయని పని. ఆమెకు చెంప మీద కొట్టినట్టయింది.

ఆయన వెళ్ళాక తలుపు దగ్గరికేసి, చిన్నమామయ్య పంపినవాటిని ఒక్కొక్కటే తీసి లోపల బొటనవేలితో నొక్కడం మొదలుపెట్టింది. గట్టిగా ఉన్నది కుడివైపు, వేలు దిగినది ఎడమవైపు. ఎడమవైపు ఏడు చేరాయి. ఏడింటిలో నాలుగింటికి అడుగున ఆమె తారీఖు ఉంది. గది నిశ్శబ్దంగా ఉంది. చాప మీద అత్తగారు కునుకుతోంది. వేలు దిగినప్పుడల్లా లోపలి గాలి చిన్నగా నిట్టూర్చి బయటికొస్తోంది. ఎడమవైపు ఏడింటికీ ఒకేలాంటి నిట్టూర్పు. గోడకున్న మిగతావాటి వంక ఆమె చూడలేకపోయింది. అవి మొహాలు అటు తిప్పుకుని ఉండడమే నయమనిపించింది.

బుధవారం మధ్యాహ్నం చిన్నమామయ్య దగ్గరికి తనే వెళ్ళింది. ఆయన పెరట్లో కర్రలు పాతి, కర్రకొకటిగా హెల్మెట్లు బోర్లించి రంగు ఆరబెడతాడు. ఆ కర్రల మధ్యనుంచి నడుస్తుంటే రెండు పక్కలా మనుషులు నిలబడి దారి ఇచ్చినట్టుంది. ఆయన ముక్కుకు గుడ్డ కట్టుకుని ఒకదానికి ఎర్రరంగు కొడుతున్నాడు.

"ఇవన్నీ ఎక్కడ కొంటున్నారు మామయ్యా?"

"ఇన్నాళ్ళకి అడిగావు, సంతోషం," అన్నాడు గుడ్డ కిందకి లాగి. "గుద్దుకున్న బండ్లన్నీ తెచ్చి పడేసే యార్డు ఉంది కదా, అక్కడ. ఇనుముని ఇనుము వాడు పట్టుకుపోతాడు, ప్లాస్టిక్ నేను తెచ్చుకుంటాను. ఎక్కడివైతే ఏంటమ్మా, తలలైతే వాటితో రావు కదా."

"లోపల నలిగినవాటికి మళ్ళీ పని చెయ్యడం కుదరదటగా. పారెయ్యాలట."

"ఎవరన్నారు? కొత్తవి కొనుక్కునేవాడు అంటాడు ఆ మాట." ఆయనకు కోపం రాలేదు, అదే ఆమెకు కష్టమైంది. "నా బల్ల దగ్గరికి వచ్చేదెవరో తెలుసా? కొత్తది కొనలేనివాడు. నేను లేకపోతే వాడు వట్టి తలతో పోతాడు. వట్టి తల నయమా, ఇది నయమా, నువ్వే చెప్పు. నీ మొగుడికి పెట్టుకో పెట్టుకో అని రోజూ నువ్వే కదా మొత్తుకునేది?"

ఆమె కర్రల మీది హెల్మెట్ల వైపు చూసింది.

"అయినా, పైన రంగు నాది. నేను కొట్టే రంగు ఎవర్నీ చంపదు," అన్నాడాయన, మళ్ళీ గుడ్డ ముక్కు మీదికి లాక్కుంటూ. "లోపలి సంగతి నీది. బాగులేదని నువ్వు ఏనాడన్నా ఒక్కటి తిప్పి పంపావా? సరేగానీ, పదహారూ అయ్యాయా?"

"పదిహేను పంపిస్తాను," అంది. "ఒకదానికి కుట్టు తెమల్లేదు."

దారిపొడుగునా తనకు తనే సర్దిచెప్పుకుంది. ఆయన అన్నదాంట్లో అబద్ధమేముంది? ఏమీ లేనిదానికంటే ఏదో ఒకటి నయమే కదా. ముగ్గుర్ని చూసిన దాన్ని ఆపితే చాలు, అది మరీ ఘోరం. మిగిలిన ఆరూ ఒక్కోసారే కదా నలిగాయి. అలా అనుకుంటూనే ఇంటికొచ్చి, ఆ ఆరింటి గుంటల్లోనూ స్పాంజి కూరి, మిగతావాటిలాగే ఈ వారం కొత్తగా తెచ్చిన బూడిదరంగు గుడ్డ వేసి కుట్టింది. చేతులు తమ పాటికి తాము చేసుకుపోయాయి. తారీఖు మాత్రం రాయలేదు. పదిహేనూ సంచిలో వేసి బండి వాడికిచ్చి పంపేసింది. నీలందాన్ని అత్తగారి మంచం కింద, ట్రంకుపెట్టె వెనక్కి తోసింది.

ఆ సాయంత్రం భర్త పెందలాడే వచ్చాడు. వచ్చినవాడు బండి స్టాండ్ వెయ్యడం కూడా మరిచిపోయి గోడకు ఆనించాడు. ఫ్యాను కింద కూలబడ్డాడు.

"మాతో పనిచేసే పొడుగోడు లేడూ," అన్నాడు. "నా ముందే పోతున్నాడు, నాలాగే వట్టి తలతో. లారీ తగల్లేదు, ఏం తగల్లేదు. ఇసక మీద జారాడంతే. లేచి కూర్చుంటాడనుకున్నాను."

ఆమె నీళ్ళిచ్చింది.

"పోయాడా?"

"చిన్న చప్పుడే. కొబ్బరికాయ కింద పెట్టినంత." ఆయన తన తలను తనే తడుముకున్నాడు. "రేపటినించి పెట్టుకుంటానే. ఒట్టు."

ఎన్నేళ్ళుగానో వినాలనుకున్న మాట. ఎవరో పోయిన రోజున వినాల్సొచ్చింది. పొడుగోడి పెళ్ళాన్ని తలుచుకుని ఏడుపొచ్చింది, ఆ ఏడుపు లోపల దాక్కుని కాస్త సంతోషం కూడా ఉందని తెలిసి తన మీద తనకే అసహ్యం వేసింది. మంచి హెల్మెట్, పరాయివాళ్ళది కానిది, కొత్తది ఒకటి రేపు మధ్యాహ్నం తనే వెళ్ళి కొనాలనుకుంది.

గురువారం పొద్దున ఆమె ఎదురుగా ఉన్న కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడి ఉంది. బండి చప్పుడు విని తలెత్తింది. భర్త వీధిలోకి వస్తున్నాడు. నెత్తిన హెల్మెట్, గడ్డం కింద బకిల్ సరిగ్గా పెట్టి ఉంది. ఫొటో తీసుకున్నాక తియ్యలేదు. ఆమె మొహం విప్పారింది. ఆయన చెయ్యెత్తి ఊపాడు. బండి ముందు నుంచి దాటి వెళ్ళేదాకా ఆమెకు రంగు కనబడనే లేదు.

నీలం.

బిందె వదిలేసి పరిగెత్తింది. పిలిచింది. మలుపు దగ్గర ఆ నీలం ఒక్కసారి ఎండలో మెరిసి పక్కకు తప్పుకుంది. ఇంట్లోకి వచ్చేసరికి అత్తగారు మంచం మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"అదెవరిచ్చారు ఆయనకి?"

"నేనే ఇచ్చానమ్మా. చెప్పుల కోసం వెతుకుతుంటే పెట్టె వెనకాల చేతికి తగిలాడు. ఎవరి తలో ఏంటో తెలియనివాటికంటే, మనింటికి వచ్చిపోయేవాడు నయం కదా అని."

మెత్తలక్క ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. పదిసార్లు చేశాక ఎత్తి, "హెల్మెట్లో ఏం వినపడ్డం లేదే, పనిలో ఉన్నా, సాయంత్రం," అని పెట్టేశాడు. ఆ తర్వాత మధ్యాహ్నం రెండింటికి చేస్తే స్విచ్ ఆఫ్ అని వచ్చింది. ఆమె సూది పట్టుకోలేకపోయింది. అన్నం కలిపి అలాగే వదిలేసింది. వీధిలో ఏ బండి ఆగినా గడపలోకి వచ్చి చూస్తోంది, ఆగకుండా పోయినా వచ్చి చూస్తోంది. లైనింగు లేకుండానే పెట్టుకెళ్ళాడు, కణత దగ్గర ఆ మూడో గుంట ఖాళీగానే ఉంది. ఆయన కణత సరిగ్గా అందులో కూర్చుని ఉంటుందన్న ఊహ పోగొట్టుకుందామన్నా పోలేదు.

"కూర్చో అమ్మాయ్, ఎందుకంత కంగారు?" అంది అత్తగారు, పాత గుడ్డ ఒకటి పీకుతూ. "నలుగురూ కలిసే వెళ్ళారుగా."

"నలుగురేంటత్తా?"

"వాడూ, ఆ ముగ్గురూ."

మూడు గుంటల సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. కానిస్టేబుల్ అన్నప్పుడు విన్నదో, వేళ్ళతో లెక్కపెట్టిందో. అడగడానికి మెత్తలక్కకు ధైర్యం చాల్లేదు. గోడవైపు తిరిగి ఉన్న హెల్మెట్లకు వీపు చూపించకుండా తలుపు దగ్గర కూర్చుంది, దీపాలు పెట్టే వేళదాకా.

ఆయన ఎప్పటి వేళకే వచ్చాడు. చెక్కుచెదరకుండా వచ్చాడు. బకిల్ తీసి, హెల్మెట్ చంకన పెట్టుకుని, గెలిచినవాడిలా నవ్వుతూ గడప దాటాడు.

"నువ్వు చెప్పిందే నిజం. ఇన్నేళ్ళు నిష్కారణంగా భయపడుతూ నడిపాను. లోపల కాస్త గరుగ్గా ఉందిగానీ, పొద్దున్నించి ఎవరో వెనక నిలబడి తలని రెండు చేతులా పట్టుకున్నట్టుంది. అంత నిబ్బరం. ఇవాళ పెద్దరోడ్డు మీద లారీల మధ్యనించి కొట్టుకుంటూ వచ్చేశా. మామూలుగా అయితే ఆ వేగంలో పోనే పోను."

ఆమె హెల్మెట్ లాక్కుంది. దీపం కిందికి తీసుకెళ్ళి, తిరగేసి, ఆయన బొటనవేలు పట్టుకుని లోపలికి నొక్కింది. ఎడమ చెవి పైన. నడినెత్తిన. తర్వాత ఖాళీ గుంటలో. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. తారీఖులు చూపించి చెప్పింది, యార్డు సంగతి చెప్పింది, కానిస్టేబుల్ అన్నది చెప్పింది. స్పాంజి పెట్టింది తనేనని చెప్పింది. ఇదొక్కటీ దాచి, తక్కిన ఆరూ తెలిసి తెలిసి కుట్టి పంపానని చెప్పడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

తిడతాడనుకుంది. ఆయన నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు.

"పంపినవి ఎలా ఉంటాయి?"

"లోపల బూడిదరంగు గుడ్డ. ఈ వారమే కొత్తగా వేశాను."

"మధ్యాహ్నం పొడుగోణ్ణి సాగనంపి వస్తూ మావాళ్ళంతా బెంబేలెత్తిపోయారు," అన్నాడు. నేలవైపు చూస్తూ చెబుతున్నాడు. "బాబాయి బల్ల దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. పదకొండుమంది కొన్నారు. పాతవి కదా, గట్టిగానే ఉంటాయా అని ఒకడు నసిగాడు. లోపలంతా మా ఆవిడే కుట్టింది, కళ్ళు మూసుకుని పెట్టుకోండ్రా అన్నాను."



శుక్రవారం తెల్లవారగానే ఇద్దరూ పార్సిలాఫీసు గేటు దగ్గరున్నారు. ఒక్కొక్కరే వస్తున్నారు. అందరి నెత్తినా రంగురంగులుగా మెరుస్తున్నాయి, అందరి బకిళ్ళూ పెట్టే ఉన్నాయి. మొగుడి తల వెనక నిలబడి ఏళ్ళ తరబడి ఆమె కోరుకున్న దృశ్యం అదే. ఆమె మొదటివాడి బండికి అడ్డంగా వెళ్ళింది.

"హెల్మెట్ ఒకసారి తియ్యి నాయనా."

"ఏంటి వదినా, కుట్టు ఊడిందా?"

జవాబు చెప్పకుండా లోపల నొక్కి చూసి, గట్టిగా ఉంటే తిరిగిచ్చింది. మూడోదాంట్లో వేలు దిగింది. బ్లేడుతో గడ్డం పట్టీలు రెండూ కోసేసింది, లైనింగు నిలువునా చీల్చింది. ఇక దాన్నెవరూ అమ్మలేరు. కుట్టినంతసేపు కూడా పట్టలేదు చీల్చడానికి. పదకొండూ చూసేసరికి నాలుగు చీలికలైనవి ఆమె కాళ్ళ దగ్గర పడి ఉన్నాయి, నలుగురు మగవాళ్ళు వట్టి తలలతో ఆమెను చుట్టుముట్టారు. వాళ్ళకు చెప్పాల్సిందంతా చెప్పింది. తన పేరే పెట్టి చెప్పింది, చిన్నమామయ్య మీదికి నెట్టలేదు.

"ఏదో ఒకటి ఉండేది నెత్తిన," అన్నాడు అందులో చిన్నవాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పొడుగోడి పక్కింటివాడట. "దాన్నీ కోసేశారు. ఇప్పుడు వట్టి తలతో పొమ్మంటారా? ఇదేం న్యాయం వదినా?"

"న్యాయం కాదు," అంది మెత్తలక్క. "కొత్తది కొనుక్కునేదాకా బండి తియ్యొద్దు. తియ్యక తప్పదంటే, వట్టి తల అని భయపడుతూ నెమ్మదిగా పో. ఇది పెట్టుకుంటే ఆ భయం కూడా ఉండదు నీకు."

అతను బండి స్టార్ట్ చెయ్యకుండా, తోసుకుంటూ లోపలికి తీసుకెళ్ళాడు.

ఆరింటిలో నాలుగు దొరికాయి. ఇంకా రెండు. భర్త బండి తియ్యబోతే వద్దని, ఇద్దరూ నడిచే పెద్దరోడ్డుకు వెళ్ళారు. చిన్నమామయ్య అప్పుడే బల్ల సర్ది, హెల్మెట్లను గుడ్డతో తుడుస్తున్నాడు. ఆమె పలకరించను కూడా లేదు. బల్ల మీదవి ఒక్కొక్కటే తిరగేసింది. బూడిదరంగు గుడ్డవి రెండే ఉన్నాయి. నొక్కి చూసింది. రెండూ గట్టిగా రాయిలా ఉన్నాయి.

"పదిహేను పంపాను. పదకొండు ఈయనతో పనిచేసేవాళ్ళు కొన్నారు. ఇవి రెండు. ఇంకో రెండేవి మామయ్యా?"

"బోణీకే పోయాయమ్మా, ఇందాకే," అన్నాడాయన. ఆఫీసు గేటు దగ్గర పడ్డ చీలికలు చూడలేదు కాబట్టి ఇంకా హుషారుగానే ఉన్నాడు. "ఎవరో మొగుడూ పెళ్ళాలు, బండి మీద వచ్చారు. అతగాడికి బొత్తిగా ఇష్టం లేదు, తల ఉడుకుతుందంటాడు, మెడ నెప్పంటాడు. ఆ పిల్ల ఊరుకుంటేగా. అచ్చం నీలాగే. పట్టుబట్టి ఇద్దరికీ కొనిపించి, ఆ బకిల్ కూడా తనే పెట్టింది మొగుడికి. చూడముచ్చటేసిందనుకో."

మెత్తలక్క రోడ్డు వైపు తిరిగింది.

"ఎటు వెళ్ళారు?"

"ఎటని చెప్పనమ్మా? రోడ్డు మీదికి వెళ్ళారు."

ముందు చౌరస్తాలో ఎర్రదీపం పడింది. బండ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగుతున్నాయి, ముప్పయో నలభయ్యో, ఒకరు కూర్చున్నవీ ఇద్దరు కూర్చున్నవీ. నల్లవి, ఎర్రవి, పచ్చవి, అన్నీ ముందుకే చూస్తున్నాయి. ఆమె పేవ్‌మెంట్ దిగి వాటి మధ్యలోకి నడిచి, ఇద్దరున్న మొదటి బండి దగ్గర ఆగి, వెనక కూర్చున్నామె హెల్మెట్ అద్దం మీద వేలితో తట్టింది.